ఉప్పుకు మూల ఉండదు

ఆటల టీచరుకు ఒకరోజు పూనకం లాంటి కోపం వచ్చిందనీ, పిల్లలు చదువుకునే అట్టలన్నీ ఒళ్ళో వేసుకుని వెళ్ళి బడి వెనక పొయ్యిలో పడేసిందనీ వీధిలో చెప్పుకుంటారు. పంపు దగ్గర విన్నవాళ్ళకు ఆ అట్టలు నలభై. కుట్టుమిషన్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి అవి రెండు వందలయ్యాయి, వాటితో పాటు రెండు బొమ్మలూ కాలాయి. మందుల షాపు దాటేసరికి బడి గోడే నల్లబడింది. ముగింపు మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఆ తర్వాత పెద్దల ముందు పిల్లలు ఒక్క మాటా చదవలేక నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారట, ఆమెకు తల కొట్టేసినట్టయిందట.

పొయ్యి నిజమే. అట్టలూ నిజమే. కోపం కూడా నిజమే, కాకపోతే అది ఒక్కరోజులో వచ్చింది కాదు.

బడిలో మెట్ల కింద ఒక గది ఉంది. పైతరగతి పిల్లలు దిగినప్పుడల్లా దాని కప్పులోంచి సున్నం రాలుతుంది. ఆ గదినీ, ఐదేళ్ళ పిల్లలు ఇరవై రెండు మందినీ హెడ్ మేడమ్ ఆమెకు అప్పగించినప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పలక పట్టించకుండా ఆటలతోనే చదువు చెప్తానంటోంది కాబట్టి, సంవత్సరం మధ్యలో తల్లిదండ్రులను పిలుస్తారు. వాళ్ళ ముందు పిల్లలు చదివితే గది ఆమెది. చదవకపోతే ఆటసామాను స్టోరు గదికి, పిల్లలు పలకలకు.

ఆమె దుకాణం పెట్టించింది. రెండు స్టూళ్ళ మీద ఒక చెక్క, దాని మీద ఉప్పు డబ్బా, సబ్బు, దారపు ఉండ, దువ్వెన, గొడుగు, ఇలా నలభై సరుకులు. కొనడానికి వచ్చిన పిల్ల ఒక అట్ట ఇస్తుంది, అమ్మే పిల్ల దాని మీది మాట చదివి సరుకు ఇవ్వాలి. తప్పు సరుకు ఇచ్చిన దుకాణదారు కొట్టు కట్టేసి వరుస చివరికి వెళ్ళాలి. పిల్లలకు ఈ ఆట పిచ్చి పట్టింది. మూడు నెలలయ్యేసరికి నలభై అట్టలూ గడగడా చదివేస్తున్నారు. గడప దగ్గర కూర్చుని చూసే ఆయమ్మ కూడా, చిన్నప్పుడు తనను ఎవరూ బడికి పంపలేదు కానీ ఇప్పుడు తనకూ నలభై వచ్చని పాలవాడితో సహా అందరికీ చెప్పుకుంది.

తల్లిదండ్రులు వచ్చే వారం దగ్గరపడింది. అట్టలు చూస్తే జిడ్డు, మరకలు, చిరుగులు. పెద్దల ముందు ఇవేం బాగుంటాయని టీచరు ఆదివారం ఇంట్లో కూర్చుని నలభై అట్టలూ కొత్తగా రాసింది. కూరగాయలు తరగడానికి చాపంత చోటు మిగల్చలేదని అక్క సణిగింది. బస్సు కండక్టరు పని చేసే బావ, మరదలి చేతిరాత చూస్తే తన టిక్కెట్ల మీద కూడా రాయించుకోవాలని ఉందన్నాడు.

సోమవారం దుకాణం తెరిచారు. అమ్మే పిల్ల కొత్త అట్ట అందుకుంది. తిప్పి చూసింది. వాసన చూసింది. తిరిగి ఇచ్చేసింది.

"ఇది మా కొట్లో లేదు టీచర్."

"ఉప్పమ్మా అది. మొన్నటిదాకా చదివావుగా."

"ఉప్పు కాదు. ఉప్పుకు మూల ఉండదు."

పక్కనున్న పిల్లవాడు, ఆయమ్మ వాడికి కొరుకుడుగాడని పేరు పెట్టింది, ముందుకొచ్చాడు. "నేనే కొరికాను టీచర్," అన్నాడు, బహుమతి తీసుకోవడానికి వచ్చినవాడిలా.

ఆమెకు అప్పుడు కూడా పూర్తిగా ఎక్కలేదు. ఒక్కో అట్టా తీసి అడిగింది. పిల్లలు ఒక్కొక్కరూ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. సబ్బు అంటే నీలం సిరా చుక్క ఉన్నది. గొడుగు అంటే మధ్యకు మడత పడ్డది. అద్దం అంటే చిరిగితే టేపు వేసినది. పాలు అంటే వాసన వచ్చేది. ఈ తెల్ల అట్టలకు అవేమీ లేవు, మరి ఎలా చదవాలి? టీచరే చెప్పాలి.

ఆమె స్టూలు మీద కూలబడింది. మూడు నెలలుగా ఇరవై రెండు మంది పిల్లలు అక్షరం ముక్క చదవలేదు. మరకలు చదివారు. గడప దగ్గరి నుంచి ఆయమ్మ కూడా మెడ సాచి చూసి, ఇవి వేరే భాషవా అని అడిగింది.

తిడదామంటే ఎవరిని తిడుతుంది? పిల్లలు మంచి వ్యాపారుల్లా సరుకు గుర్తుపట్టారు. అట్టముక్క వృథా కాకూడదని మూడు నెలలూ ఒకే కట్ట వాడించింది తనే. ఎంత చక్కగా చదువుతున్నారో అని మురిసిపోయిందీ తనే.

వెళ్ళి హెడ్ మేడమ్‌కు దాచకుండా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు.

"పాత అట్టలు ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి మేడమ్."

"మరింకేం. వచ్చే సోమవారం పెద్దల ముందు వాటినే పెట్టు. మరకల సంగతి తల్లిదండ్రులకేం తెలుసు?"

"వాళ్ళకు చదవడం రాదు మేడమ్."

"మెల్లగా వస్తుందిలే. ముందు గది నిలబెట్టుకో."

ఆవిడ మంచికే అన్నారు. అదే మరీ చిరాకు పుట్టించింది. ఇంటికి వెళితే బావదీ అదే మాట, అక్కదీ అదే మాట. ఇంత చిన్న విషయానికి ముఖం గంటు పెట్టుకుని తిరగడం ఎందుకని అక్క అడిగితే, అన్నం ముందు నుంచి లేచిపోదామనుకుంది కానీ ఆకలేసి తినేసింది.

మంగళవారం కొత్త అట్టలతో దుకాణం నడవలేదు. పిల్లలు ఏడుపు మొహాలు పెడితే చూడలేక, బీరువా మీద దాచిన పాత కట్టను ఆయమ్మే తీసి ఇచ్చింది. టీచరు లాక్కుని మళ్ళీ దాచింది. బుధవారం వచ్చేసరికి పాత అట్టలు చెక్క మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఈసారి హెడ్ మేడమ్ స్వయంగా పేర్చి వెళ్ళారట. పిల్లలు ఎగబడి, ఉప్పు, సబ్బు, గొడుగు అని చకచకా చదువుతుంటే ఆమె ప్రాణానికి హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది. ఆ కట్ట కళ్ళెదుట ఉన్నంతకాలం సోమవారం నాడు తన చెయ్యే దాని మీదకు పోతుందని ఆమెకు తెలిసిపోయింది.

పిల్లలు వెళ్ళాక కట్ట తీసుకుని బడి వెనక్కి నడిచింది. తాగేనీళ్ళు కాచే పొయ్యి ముందు ఆయమ్మ కూర్చుని ఉంది. మొదటి అట్ట మంటలో పడగానే ఆయమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయ్యో టీచరమ్మా, నాకొచ్చినవి అవే."

"అవి మీకూ రాలేదు పెద్దమ్మా. రేపు పిల్లలతో పాటు కూర్చోండి, మొదటి నుంచి చెప్తాను."

ఆయమ్మ చెయ్యి వదిలేసింది కానీ మూతి ముడుచుకుంది. ఆ సాయంత్రం బిందె పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళింది కూడా ఆయమ్మే.

గురువారం గదిలో సంతాపసభ జరిగింది. మా ఉప్పును చంపేశారా టీచర్ అని ఒక పిల్ల నిలదీసింది. టీచరు నేల మీద సుద్దతో గళ్ళు గీసి గడికో అక్షరం రాసింది. మాట చెప్తే ఆ అక్షరాల మీదుగా గెంతుకుంటూ వెళ్ళి సరుకు తెచ్చుకోవాలి. ఇక అట్టలంటారా, ఈ రోజు వాడినవి రేపు కనబడవు. వాటికోసం బావ రాత్రి భోజనమయ్యాక వంకర టింకరగా ఒక కట్ట రాసిచ్చాడు, అక్క కుట్టు సుద్దతో గుడ్డ పీలికల మీద రాసింది. పిల్లలకు ఇదేమీ నచ్చలేదు. ముందు దుకాణమే బాగుండేదనీ, ఇందులో సరుకు దొరకడం లేదనీ గట్టిగానే చెప్పారు. ఆరుగురు బేరం మానుకుని మూలకు పోయి రైలాట మొదలుపెట్టారు. కొరుకుడుగాడు అక్క రాసిన గుడ్డ పీలికను కూడా రుచి చూశాడు.

శుక్రవారం మధ్యాహ్నం, ఎప్పుడూ వరుస చివర నిలబడి నత్త అని పేరు తెచ్చుకున్న పిల్ల, బావ రాసిన అట్ట పట్టుకుని చాలాసేపు నిలబడింది. టీచరు విసుగు దాచుకుంటూ వేరే పిల్లల వైపు తిరిగింది. వెనక నుంచి "స... బ్బు" అని వినబడింది. వరుసలో ఆ పిల్ల వంతు వచ్చేలోపు రోజూ గంట కొట్టేసేవాళ్ళు. అందుకని దానికి ఏ మరకా పరిచయం లేదు. గళ్ళలో గెంతిన అక్షరాలు తప్ప చూడడానికి వేరే ఏమీ దొరకలేదు.

సోమవారం ఉదయం టీచరు ఖాళీ అట్టలు తీసుకుని హెడ్ మేడమ్ గదికి వెళ్ళి, పిల్లలు ఇంతవరకూ చూడని రాత కావాలి, మీరే రాయండి అంది.

"నా రాత నాకే అర్థం కాదే అమ్మా," అన్నారావిడ. అయినా రాశారు.

తల్లిదండ్రులు పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. మొదటి పిల్లవాడు అట్ట నాలుగు మూలలూ తడిమి, వెనక్కి తిప్పి, దువ్వెన ఇవ్వాల్సిన చోట గొడుగు ఇచ్చాడు. ఒక తండ్రి నవ్వాడు. రెండో పిల్ల ఏడ్చింది. మాట అందిద్దామని టీచరుకు పెదాల దాకా వచ్చేది, మళ్ళీ నోరు నొక్కుకునేది. ఒక్కో మాటకూ ఒక్కో యుగం. పెద్దలు టీ తాగేశారు, ఇద్దరు పని ఉందని లేచారు. నత్త వంతు వచ్చేసరికి నవ్విన తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అది మూడు చదివింది, తీరిగ్గా, ఎవరికీ తొందర లేనట్టు. తర్వాత ఇంకొందరు కూడబలుక్కుంటూ వచ్చారు.

అందరూ వెళ్ళాక హెడ్ మేడమ్ సంవత్సరం చివరిదాకా గది నీదే అన్నారు, రోజూ ఒక గంట మాత్రం పలకలు పట్టించాలన్నారు. వాదించే ఓపిక లేక టీచరు తల ఊపి, నేల మీది సుద్ద గళ్ళు తుడవడం మొదలుపెట్టింది.

పెద్దల ముందు పిల్లలు ఒక్క మాటా చదవలేదని వీధిలో ఇప్పటికీ అంటారు. పదమూడు చదివారు.