వసంత కొరికిన కొబ్బరిముక్క

మా చిన్నప్పుడు... అమలాపురం కాలువలో కొబ్బరికాయల పడవ వస్తుంటే బాతులు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చేవి. ఆ కాయల గుట్ట మీద నీలం లంగాలూ తెల్ల చొక్కాలూ వేసుకుని కూర్చున్న పిల్లలం మేమే.

ఎనభైల్లో మాట. నేను కాన్వెంటులో తొమ్మిదో తరగతి. ఏటా తోటల్లో కాయల దింపు అయ్యాక మా బడి పిల్లలం ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. చందా అంటే తలుపు చాటుకు వెళ్ళేవాళ్ళు కూడా కాయ అంటే లేదనేవారు కాదు... ఇంటికో కొబ్బరికాయ. అన్నీ పడవకెక్కించి కుష్ఠు ఆసుపత్రికి చేర్చేవాళ్ళం. దారిలో ఉన్న రేవుల్లో ఆగి, ఆ జబ్బు గురించి జనానికి నాలుగు మాటలు చెప్పేవాళ్ళం.

ఆ ఏడు చెప్పే పని నాది. సిస్టరు గారు ఇంగ్లీషులో రాసిచ్చిన మాటల్ని ఆసుపత్రి నర్సు రత్నం గారు తెలుగు చేసి నాతో బట్టీ పట్టించేరు. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోకండి... మాత్రలతో నయమవుతుంది... కలిసి కూర్చున్నా, కలిసి తిన్నా భయం లేదు.

ఇంగ్లీషులో చదివినన్నాళ్ళూ అది పరీక్షకి చదివే పాఠంలాగే ఉండేది. తెలుగులో చెప్పిన రోజున నా గొంతు నాకే కొత్తగా వినిపించింది...

ఎందుకంటే నా కుడి మోచేతి పైన ఓ మచ్చ ఉంది. అర్ధరూపాయి బిళ్ళంత, పాలిపోయి. అమ్మ సిబ్బెం అనుకుని పసుపు రాసేది. ఆ సాయంత్రం పెరట్లో కోడి ఈక ఒకటి ఏరుకుని, కళ్ళు మూసుకుని, స్పర్శ ఉందో లేదో చూసుకోడానికి రత్నం గారు చూపించినట్టే చెయ్యంతా తాకించుకున్నాను. మణికట్టు దగ్గర గిలిగింత పెట్టింది. పైకి వెళ్తూ వెళ్తూ ఒకచోట ఈక మాయమైపోయింది... కళ్ళు తెరిచి చూస్తే మచ్చ మీదే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. బడిలోంచి పేరు కొట్టేస్తారని భయం. మా ఇంటికి ఇంకెవరూ రారని భయం. ఎంత ఎండగా ఉన్నా పొడుగు చేతుల చొక్కాయే. అన్నిటికన్నా కష్టం... వసంత.

వసంతా నేనూ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. జామకాయైనా, కొబ్బరిముక్కైనా రుమాలు అడ్డం పెట్టి కొరికి సగం సగం తినేవాళ్ళం. కాకెంగిలి... గుడ్డ అడ్డం ఉంటే అది ఎంగిలి కాదని మా లెక్క. అలాంటిది నేను కారేజీ పట్టుకుని బాదంచెట్టు వెనక్కి వెళ్ళి ఒక్కదాన్నే తినడం మొదలుపెట్టాను. దానికి కోపం వచ్చింది. "ఉపన్యాసాలు చెప్పేవాళ్ళకి మా ఇంటి కూరలు సయించవులే" అంది ఓ రోజు. నేను కారేజీ తీసుకుని చెట్టు వెనక్కే నడిచాను...

కలిసి తిన్నా భయం లేదని ఊరందరికీ చెప్పేదాన్ని. నాకే నమ్మకం లేదు.

పడవ ముక్తేశ్వరం వైపు వెళ్ళిన రోజు బాగా గుర్తు. కాలువ మీద తెల్లటి పొగమంచు... మట్టలు నీళ్ళలోకి వంగి తలలు తడుపుకుంటున్నట్టు ఉన్నాయి. పడవలో యేసేబు తాత కూడా ఉన్నాడు. ఎప్పుడో ఆ జబ్బు నయమై, ఆసుపత్రి తోటలోనే పనికి కుదిరినవాడు. వేళ్ళు మాత్రం వంకరపోయి అలాగే ఉండిపోయాయి.

ఒక రేవులో నా మాటలు అయ్యాక, బిందె చంకన పెట్టుకున్న ఓ పెద్దావిడ అడిగింది. "బాగానే చెప్పేరండి పాపగారూ. ఆ తాత చేత్తో పెడితే తమరు తింటారా మరి?"

రేవంతా నవ్వు. తాత ఓ కాయ కొట్టి, ముక్క తీసి, వంకర వేళ్ళ మధ్య పట్టుకుని నా వైపు చాపేడు.

తీసుకుని కొరికాను. అందరూ నాది ధైర్యం అనుకున్నారు. తాతని చూసి నాకు భయం వెయ్యలేదు... నా భయం నా చొక్కా చేతి కిందే ఉంది.

అంతలో వసంత గబుక్కున వచ్చి నా చేతిలో ముక్క లాక్కుంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దే... రుమాలైనా అడ్డం పెట్టుకో."

"భయం లేదని ఇందాకా నువ్వే చెప్పేవు కదే" అంది. నేను కొరికిన చోటే, గుడ్డ లేకుండా, కొరికేసింది...

తిరుగు ప్రయాణంలో అది నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. దాని ఊపిరి నా చేతికి తగులుతోంది. దాన్ని మెల్లిగా పక్కకి జరిపి, వెళ్ళి రత్నం గారి పక్కన కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. వేలితో మచ్చ చుట్టూ నిమిరి, "ఆయ్... ఇంతేనా తల్లీ? మాత్రలేసుకుంటే పోద్ది. రేపు అమ్మగారిని తీసుకురా" అన్నారు.

పోయింది. నెలల తరబడి మాత్రలు మింగాక రంగు కలిసిపోయింది. స్పర్శ కూడా ఓ మూల నుంచి మెల్లిగా తిరిగొచ్చింది. సంగతి అమ్మకీ, నాకూ, రత్నం గారికీ తప్ప ఎవరికీ తెలియదు... ఇవాళ్టి దాకా.

ఇప్పుడు ఆ కాలువలో కాయల పడవలు లేవు. మా వీధి పిల్లల్ని చూస్తుంటాను... ఎవరి సీసా వాళ్ళది, ఎవరి చెంచా వాళ్ళది. కాకెంగిలి అంటే మొహం చిట్లిస్తారు.

వసంతా, ఎక్కడున్నావో... ఇది నీ కంట పడితే ఒక్కటి తెలుసుకో. బాదంచెట్టు వెనక్కి వెళ్ళింది పొగరుతో కాదే. ఆ రోజు నువ్వు గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంటే నేను రత్నం గారి ముందు చొక్కా చెయ్యి మడిచేదాన్ని కాదు.

మీరు ఎవరితో కాకెంగిలి తిన్నారు? వాళ్ళకి ఇంకా చెప్పని మాట ఏదైనా మిగిలిందా...