ఒంటిచేతి ముడి

పిల్లలు పడుకున్నారు. సాయంత్రం దంచిన గురెళ్ళ (వెర్రినువ్వుల) పొడి వాసన ఇంకా నా వేళ్ళను వదల్లేదు. రేపటినుంచి ఎమ్మిగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరుగా నా కొత్త ఉద్యోగం. ఆదోనినుంచి పొద్దున్నే బస్సు. అలారం రెండుసార్లు తిప్పి చూశాను, తలుపు గడియ మూడుసార్లు చూశాను. కాగితం తీసుకుని కూర్చుని చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుంటే, వేయించిన గురెళ్ళ ఆ చిరుచేదు కమ్మదనం తగిలి కాస్త నిలకడ వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట ఇలాగే కొత్త ఉద్యోగంలో తడబడుతున్న నన్ను ఈ వాసనే నిలబెట్టింది. వాసన అంటున్నాను గానీ, నిలబెట్టింది మనిషి. పక్కింటి ఖైరూన్‌బీ. నేను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేదాన్ని.

నా ఉద్యోగానికి ముప్పు ఉందని మొదటిసారి తెలిసిన క్షణం బాగా గుర్తుంది. ఆ రోజుల్లో ఆదోనిలో ఫోన్లు చేత్తో కలపాలి. ఎదురుగా బోర్డుమీద దీపం వెలిగితే ఆ రంధ్రంలో ఒక తీగ గుచ్చి నంబరు అడగాలి, రెండో తీగ ఆ నంబరులో గుచ్చాలి. నేను అక్కడి ఎక్స్ఛేంజిలో చేరి మూడు వారాలు. మధ్యాహ్నం మూడు దాటింది. ఒక దీపం వెలిగింది. చూస్తుండగానే అది రెండయింది. కళ్ళు నులుముకున్నా రెండే. తోచినదానిలో గుచ్చాను, రెండో తీగా అలాగే. ఒక పత్తి వ్యాపారి గొంతు నేరుగా ఒక డాక్టరుగారింట్లో పడింది.

"వంద బేళ్ళు దించినా, సూసుకున్యావా?" అంటున్నాడు వ్యాపారి.

"నొప్పి ఎక్కడ?" అంటున్నారు డాక్టరుగారు.

పక్క అమ్మాయిలు పకపక నవ్వారు. సూపర్‌వైజర్ మేడం నవ్వలేదు. వెనకనుంచి వచ్చి తీగ లాగేసి మెల్లగా అన్నారు. "మూడు నెలల శిక్షణలో ఇంకా రెండు నెలలకు పైగా ఉంది. తర్వాత నీ గురించి నేను రాయాలి. ఇట్లయితే ఏం రాయమంటావమ్మా?"

పని ఖాయం కాకపోతే ఆదోని కాపురం ఎత్తేసి గోనెగండ్లకు రావాలని అత్తగారు ముందే చెప్పేశారు. మా ఆయన ఎమ్మిగనూరులో బట్టల కొట్టులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవారు. మా ఇంట్లో బి.ఎ. చదివిన మొదటి ఆడపిల్లను నేను. ఆ చదువుకు దక్కిన ఒకే ఒక్క కుర్చీ అది. ఆ కుర్చీలో కూర్చుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి.

కారణం నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. మధ్యలో మాకు అరగంట రిలీఫు ఉండేది, అంతసేపు మా బోర్డు వేరేవాళ్ళు చూసుకునేవాళ్ళు. ఇల్లు వెనక సందులోనే. ఆ అరగంటలో పరుగెత్తుకొచ్చి ఆరు నెలల హేమకు పాలిచ్చి మళ్ళీ పరుగెత్తేదాన్ని. నా తిండికి చోటు లేదు. పొద్దున స్టీలు క్యారియర్‌లో తెల్లన్నం, పెరుగు సర్దుకునేదాన్ని. ఇంట్లో ఉన్నది జొన్నరొట్టె అయినా, నలుగురు చదువుకున్న అమ్మాయిల ముందు దాన్ని విప్పడానికి నామోషీ. ఆ తెల్లన్నం బోర్డు పక్కనే ఉండి, ఎండకు పులిసి, సాయంత్రం ఇంటికి వచ్చేది.

నేను పనికి పోతే హేమను చూసుకునేది ఖాలాయే. ఇరవై ఏళ్ళు జిన్నింగు మిల్లులో పత్తి ఆడించిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. దగ్గుతూనే నవ్వేది. ఫోన్లు తప్పు కలిపిన మర్నాడు రిలీఫుకు క్యారియర్ కూడా ఇంటికి తెచ్చుకున్నాను. నేను హేమను ఒళ్ళో వేసుకోగానే ఖాలా దాన్ని ఎత్తి చూసింది.

"ఏం బేటీ, దినామూ అన్నానికి ఊరు సూపించుకొస్తాండావా?"

"టైం దొరకలేదు ఖాలా."

"దొరికేదానికి అదేమన్నా రోడ్డుమీద పడింటాదా?"

లోపలికి పోయి ఒక జొన్నరొట్టె తెచ్చింది. మధ్యలో చుక్కకూర పప్పు, పైన గురెళ్ళ పొడి. ముక్క తుంచి నా నోటి దగ్గర పెట్టింది. నేను తల వెనక్కి తీసుకున్నాను. అంతవరకు వాళ్ళింటి ముద్ద నేను తినలేదు. మా అత్తగారింట్లో అది కుదరని పని. ఆమెకు అర్థమయింది.

"మీ అత్త యాడో గోనెగండ్లలో ఉంది. ఆడ్నుంచి ఈడికి కనపడదులే. నీ బిడ్డ నీది తాగుతాండాది, నువ్వు నా చేతిది తిను. నోరు తెరువు."

తెరిచాను. ఒళ్ళో హేమ గుటకలేస్తోంది. నేను నములుతున్నాను. ఇంకో రొట్టె తెస్తే అదీ తిన్నాను. ఆ రోజు మూడింటికి దీపాలు ఒక్కొక్కటి ఒక్కటిగానే కనిపించాయి.

ఖాలా అక్కడితో ఆగలేదు. ఆదివారం మా ఆయన తెచ్చిన గళ్ళ గుడ్డ ముక్క ఒకటి అడిగి తీసుకుని నేలమీద పరిచింది. ఒక చెరగులో వేయించిన చెనక్కాయ విత్తనాలు, బెల్లం ముక్క. ఒకదానిలో ఎండిన సజ్జరొట్టె తుంపులు. ఒకదానిలో ఉడికించిన అలసంద గుగ్గిళ్ళు. నాలుగోదానిలో నువ్వుల ఉండలు. ఒక్కో చెరగుకు ఒక ముడి. చూస్తే గట్టి ముడే, కొస పట్టి లాగితే మాత్రం ఒంటిచేత్తో ఊడిపోతుంది. మిల్లులో ఒక చెయ్యి ఎప్పుడూ పత్తిమీద ఉండాలి కాబట్టి ఆడవాళ్ళు అలా వేసుకునేవాళ్ళట.

"నీకూ ఒక చెయ్యి తీగమీదనే కదా. కండ్లు మూసుకో. ఎడమచేత్తో లాగు."

లాగాను. విత్తనాలు ఇల్లంతా దొర్లాయి. హేమ కిలకిల నవ్వింది.

"మిల్లు సైరను కూత ఆడికి ఇనపడతాది కదా? కూత ఇని తిను. ఆకలి మాట ఇని కాదు. ఆకలి అయినాక తింటే, అప్పటికే సగం పని సెడింటాది." తర్వాత నువ్వుల ఉండల ముడిమీద వేలు పెట్టింది. "ఇది నీది కాదు. పక్కనున్నదానిది."

"ఎవరిది?"

"ఎవరికి కావాల్నో వాళ్ళది. నేను కొత్తగా మిల్లుకు పోయినప్పుడు పక్కదాని ముడి తినే నిలబడినా. దాని పేరు కూడా అడగల్యా."

మూట తీసుకెళ్ళిన మొదటి రోజే ఎక్స్ఛేంజిలో ఒక అమ్మాయి అది చూసి "ఏం శారదా, కలుపు తీయనీకె వచ్చినావా?" అంది. గుడ్డ ఒళ్ళో దాచుకున్నాను. కూత వినపడగానే ఒక ముడి, మళ్ళీ కూతకు ఇంకోటి. మూడు ముళ్ళు నన్ను కాపాడాయి. ఒక్క తప్పూ జరగలేదు. కానీ నాలుగోది ఎవరికైనా పెట్టాలంటే సిగ్గు. విప్పకుండా తీసుకెళితే ఖాలా అడుగుతుంది. అందుకని ఇంటికి వస్తూ సందు మలుపులో గోడవైపు తిరిగి నేనే తినేసేదాన్ని. పక్కావిడకు పెట్టానని అబద్ధం చెప్పేదాన్ని.

శిక్షణ చివరి వారంలో పెద్దవాన. పైగా పత్తి కాలం, వ్యాపారుల ఫోన్లు ఆగవు. రిలీఫుకు రావలసినవాళ్ళు ఎవరూ రాలేకపోయారు. బోర్డు ముందు నేను, మేడం, ఇద్దరమే. హేమకు ఆవుపాలు పట్టానని ఖాలా కబురు పంపింది. మధ్యాహ్నం దాటింది, లేవడానికి లేదు. కూతలు వినపడినప్పుడల్లా నా ఎడమచెయ్యి దాని పని అది చేసుకుంది. సాయంత్రానికి ఆలూరు లైనులో దీపం వెలిగింది. మేడం అందుకున్నారు. ఆ మగమనిషి అరుపు నాకూ వినపడింది. "అమ్మా, నా బిడ్డకు కాన్పు కష్టమైతాంది, ఆదోని ఆసుపత్రి కలపండమ్మా!"

మేడం రెండో తీగ ఎత్తారు. దాని కొన ఆసుపత్రి రంధ్రం చుట్టూ తిరుగుతోంది, లోపలికి పోవడం లేదు. ఆ వణుకు నాకు బాగా తెలుసు. ఆమె పొద్దుటినుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదు. అడగకుండానే ఆమె చేతిలోంచి తీగ తీసుకుని గుచ్చాను. అవతల ఎవరో పలికారు. జీపు పంపుతున్నామన్నారు. అప్పుడు నా ఎడమచెయ్యి, చూడకుండానే, నాలుగో ముడి లాగింది.

"ముందు ఇవి తినండి మేడం."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి తిన్నారు. ఒకటి, రెండు, మూడు. మొహం తేరుకున్నాక అడిగారు. "ఎవరు కట్టిచ్చినారమ్మా?"

"మా ఖాలా."

"నాకూ ఒకటి కట్టమను."

రాత్రికి జీపు ఆలూరునుంచి తిరిగి వచ్చిందని, తల్లీ బిడ్డా క్షేమమని ఆసుపత్రివాళ్ళే ఫోన్ చేసి చెప్పారు. తడిసి ఇంటికి వచ్చేసరికి ఖాలా గుమ్మంలోనే ఉంది. నా మాట వినకముందే గుడ్డ లాక్కుని చూసింది.

"ఈ పొద్దు ఎవరో నిజంగా తిన్యారు. ఇన్నాళ్ళూ నువ్వే తింటాండేది నాకు తెల్దనుకున్నావా? నీ నోట్లో నువ్వుల వాసన!"

ఇద్దరం నవ్వి నవ్వి హేమను లేపేశాం. వారం తర్వాత ఉద్యోగం ఖాయమైంది. నెల తిరిగేసరికి ఎక్స్ఛేంజిలో అయిదు గళ్ళ గుడ్డలు. కలుపు తీయనీకె వచ్చావా అన్న అమ్మాయి ఆ ముడి నా దగ్గరే నేర్చుకుంది.

ఖాలా ఇప్పుడు హొళగుందలో కూతురి దగ్గర ఉంది. చూపు బాగా తగ్గింది. పోయిన నెల సూపర్‌వైజరునయ్యానని చెప్పడానికి వెళితే, నా కొంగు పట్టుకుని తడుముతూ చెరగులో ముడి వేసింది. "ముడికి కండ్లెందుకు బేటీ," అంది. వస్తుంటే ఒక సంచెడు గురెళ్ళు ఇచ్చింది.

రాత్రి ఇక్కడిదాకా రాసి పడుకున్నాను. ఈ కాసిని మాటలు బస్సులో రాస్తున్నాను. పొద్దున నేను గుడ్డ పరచగానే హేమ అంది. "అమ్మా, నువ్వే పెద్ద మేడమువు కదా, ఇంకా గుడ్డమూటేనా?" నేను ఇంకో రెండు గుడ్డలు పరిచాను, ఒకటి దానికి, ఒకటి తమ్ముడికి. ముళ్ళు వేసి వాళ్ళ బడిసంచుల్లో పెట్టి చెప్పాను. "మూడు మీవి. బడి గంట విని తినండి. నాలుగోది మీది కాదు. పక్కన ఎవరికి కావాలో వాళ్ళది. సాయంత్రం నాలుగూ విప్పి తేవాలి. దారిలో మీరే తినేసి నాతో అబద్ధం చెప్పొద్దు, నాకు వాసన తెలుస్తుంది."