పొట్టేళ్ళు కొనడానికి వచ్చిన మనిషి

నా చిన్నప్పుడు మా అవ్వ మీద నాకొక పెద్ద అనుమానం ఉండేది. పక్కింటి అక్కకు ఆమె మందు పెడుతోందని. మా మార్కాపురం వైపు పల్లెల్లో మందు పెట్టడమంటే, గిట్టనివాళ్ళకు తిండిలో ఏదో కలిపి మనిషిని చెడగొట్టడం. అక్క రోజూ పొద్దుగూకే వేళకు చెంబు పట్టుకుని మజ్జిగకని మా ఇంటికి వచ్చేది. అవ్వ మెంతుల డబ్బా వెనక నుంచి చిన్న పొట్లం తీసి, అటూ ఇటూ చూసి, అందులోది ఏదో అక్క చేతిలో పెట్టేది. అక్క గబుక్కున నోట్లో వేసుకుని మజ్జిగ తాగేది. ఆ తర్వాత ఇద్దరూ ఏమీ జరగనట్టు ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. అవ్వ కోప్పడలేదు. "మందే. డాక్టరు ఇచ్చిన మందు. దేనికని నన్నడగొద్దు, అది ఆయమ్మి సంగతి" అంది. అక్కవాళ్ళింట్లో ఎప్పుడూ చుట్టాలే. ఎవరు ఏ డబ్బా మూత తీస్తారో తెలియదు. అందుకని వాళ్ళమ్మే ఆ మాత్రలు మా ఇంట్లో పెట్టమని ఇచ్చిందట. అంతకుమించి అవ్వ నోరు విప్పలేదు. ఆ జబ్బేమిటో నేను పెద్దయ్యాక అక్కే చెప్పింది. మీకు మాత్రం నేను చెప్పను.

ఆ ఎండాకాలం అక్కకు గిద్దలూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. చూసిపోయారు, పిల్ల నచ్చిందన్నారు, ఇంకా మాట ఖాయం చేసుకోలేదు. ఆ రోజుల్లోనే ఒక మనిషి మా ఇంటి ముందుకు వచ్చి పొట్టేళ్ళు కావాలన్నాడు. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన మందతో పోయినా దొడ్లో కొన్ని పొట్టేళ్ళు ఉన్నాయి. అవ్వ వాటిని చూపించింది. అతను అట్లా చూసి ఇట్లా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సంచిలోంచి బొరుగుల ముద్ద తీసి నాకిచ్చాడు. ఊళ్ళో బావి ఎక్కడ, బడి ఎక్కడ అని అడుగుతూ అడుగుతూ, గొంతు తగ్గించి, "పాపా, పక్కింటి అక్క రోజూ మీ ఇంటికొస్తాదంట, ఎందుకు? మాత్రలేమన్నా మింగుతాదా?" అన్నాడు.

నా నోట్లో బొరుగులు, నాలుక చివర మెంతుల డబ్బా. చెప్పేసేదాన్నే. ఇంతలో గడప లోపలి నుంచి అవ్వ గొంతు వచ్చింది.

"అబ్బీ, పొట్టేళ్ళు కొనేటోడు ముందు నోరు తెరిచి పల్లు జూస్తాడు. నువ్వేంది, వచ్చినకాడి నుంచి మా పిల్లదాని నోరు తెరిపిస్తాండావు?"

అతను నవ్వేశాడు. దొరికిపోయానని సిగ్గు కూడా పడలేదు. "మావోల్లే అవ్వా ఆ పిల్లను చూసిపోయింది. ఊళ్ళో ఏదో చెవిన పడింది. ముందే కనుక్కుంటే తప్పేంది?"

"తప్పేం లేదు, కూచో. ముందు నీ ఇంటి సంగతి చెప్పు, తర్వాత నేను చెప్తా" అని అవ్వ బయటికొచ్చి అతని ఎదురుగా చతికిలబడింది. అప్పుడే బోరింగు కాడి నుంచి బిందెలతో వస్తున్న ఆడవాళ్ళు వినేటట్టు గొంతు పెంచింది. "మీ నాయన ఏం రోగంతో పోయినాడు? మీ ఇంటామెకు కాన్పులు సక్కంగ అయినాయా, యాడన్నా తేడా జరిగిందా? నువ్వు కూచుంటే ఇట్ల పక్కకు ఒరుగుతాండావు, మూలశంక ఏమన్నా ఉందా నాయనా?"

బిందెలు మోసేవాళ్ళు ఆగిపోయి కిసుక్కుమన్నారు. అతని ముఖం కందిపోయింది. కండువా దులిపి లేచి, "నీతో పెట్టుకోలేం పెద్దమ్మా" అన్నాడు.

"నీది నలుగురిలో అడిగితే నీకంత కష్టమాయె. ఆయమ్మిది అడిగేదానికి బొరుగుల ముద్ద సరిపోతాదా?"

అతను వెనక్కి చూడకుండా పోయాడు. అవ్వ గెలిచిందని నేను గంతులేశాను కానీ, ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆ మనిషి ఊరికే పోడని, లేనిపోనివి కల్పించి చెబుతాడని ఆమె అనుమానం. మజ్జిగకు వచ్చిన అక్కను కూర్చోబెట్టి, "ఊరికి చెప్పే పని లేదు. కట్టుకునేటోనికి మాత్రం నువ్వే చెప్పాల. దాచి తాళి కట్టించుకోవద్దు" అంది. అక్క ఏడ్చింది. సంబంధం తప్పిపోతే ఎట్ల అంది. మాట బయటికి పాకితే ఇంక ఎవరూ గడప తొక్కరంది. అవ్వ ఆమె తల నిమిరింది. చివరికి తానే చెబుతానని అక్క ఒప్పుకుంది.

పెండ్లికొడుకును పిలిపించారు. మా వెనక వసారాలో ఇద్దరినీ మాట్లాడుకోనిచ్చారు. నేను తలుపు సందులో చెవి పెట్టబోతే అవ్వ ఆ చెవే పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయింది. ఆమె కూడా వినలేదు. కాసేపటికి అతను బయటికొచ్చి, ఎవరితో మాట్లాడకుండా, ఇచ్చిన నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. తర్వాత చాలా రోజులు అక్కడి నుంచి కబురు లేదు. వీధిలో చూపులు మారాయి. అక్క మజ్జిగకు రావడం మానేసింది. మాత్ర అవ్వే కొంగులో ముడేసుకుని తీసుకుపోయి ఇచ్చి వచ్చేది.

ఒక సాయంత్రం ఆ పెండ్లికొడుకు ఒక్కడే వచ్చాడు. నేరుగా మా ఇంటికే.

"అవ్వా, ఆ మాత్రల అట్ట ఒకటి ఇయ్యి. గిద్దలూరులో దొరుకుతాయో లేదో కనుక్కుంటా. రేపు ఆయమ్మి మా ఊరికొచ్చినాక ఇబ్బంది పడకూడదు గదా."

అవ్వ వెంటనే ఇవ్వలేదు. అతన్ని ఎగాదిగా చూసింది. "దుకాణంలో ఎవురికని అడుగుతారు. ఏం చెప్తావు?"

"నాకేనని చెప్తా."

అవ్వ కండ్లు తుడుచుకుని డబ్బా వెనక చెయ్యి పెట్టింది.

ఇప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరిగే వయసు నాకూ వచ్చింది. మొన్న ఒకచోట చీటీ రాసే అమ్మాయి అంతమందిలో "ఏం ప్రాబ్లం అవ్వా?" అని గట్టిగా అడిగింది. డాక్టరుకు చెబుతానమ్మా అన్నాను. ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చెప్పమంది. దాంతో నా సంగతులు ఎవరెవరు చూస్తారు, ఎందుకు చూస్తారు అని అడిగాను. "మా అత్తకు అందరి మీదా అనుమానమే" అని పక్కన కోడలు తల పట్టుకుంది. ఆ పిల్ల మాత్రం ఓపిగ్గా చెప్పింది, పాత రిపోర్టులు డాక్టరుకు కనపడడానికని. అప్పుడు ఇచ్చాను.

డాక్టరు ముందు కూర్చున్నాక నాకు ఏ అనుమానమూ ఉండదు. ఎక్కడ నొప్పో, ఏ మాత్ర వేసుకోకుండా ఎగ్గొట్టానో, సిగ్గుపడే సంగతులతో సహా అన్నీ చెప్పేస్తాను. ముందు ఆ తలుపు దగ్గరికి వెయ్యమంటాను, అంతే.