అత్త కాలికి కరెంటు

నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్త ఎడమ కాలికి చీలమండ పైన పుండు ఉండేది. వేపాకు నీళ్ళతో కడిగింది, పసుపు పెట్టింది, హుస్నాబాద్‌లో ఇచ్చిన మందులు రాసింది. పైన పక్కు కట్టేది. నాట్లప్పుడు బురదలో దిగగానే మళ్ళీ విచ్చుకునేది. అయినా ఆమె ఒక్క నాటు మానలేదు. పాత చీర పీలిక చుట్టుకొని మడిలో అందరికంటే ముందుండేది.

యాసంగి పంటకు నారు పోసినంక పుండు మరీ ముదిరింది. నేనూ నా భర్తా కలిసి ఆమెను కరీంనగర్‌లో ఒక పెద్ద వయసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కాలు ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూశాడు. కట్టు కట్టాలి, కాలు ఎత్తి పెట్టి పండుకోవాలి అన్నాడు. తర్వాత బల్ల మీది చెక్క పెట్టె చూపించాడు.

"సన్నగ కరెంటు ఇచ్చి చూస్తనమ్మా. బ్యాటరీలది, ఫికర్ లేదు."

అప్పుడప్పుడే మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. తెగిన తీగ తాకి ఒక బర్రె చచ్చిపోయింది కూడా. నా భర్త లేచి నిలబడ్డాడు.

"అవ్వా, ఇంటికి పోదాం పా. బర్రె ఎట్ల సచ్చిందో సూడలేదా?"

"బర్రెకు పుండు లేకుండె బిడ్డా. నాకున్నది," అని ఆమె డాక్టరు వైపు తిరిగింది. "గిది పెడితె ఎవలికన్న తగ్గిందా సారూ?"

"కొందరికి తగ్గింది. కొందరికి తగ్గలే. అబద్ధం చెప్పను."

"గట్లయితె పెట్టుండ్రి."

మందునీళ్ళలో తడిపిన గుడ్డ పుండు మీద పరిచి, దాని మీద పలుచటి రేకు పెట్టాడు. ఇంకో రేకు పిక్కకు కట్టి, రెంటినీ తీగలతో పెట్టెకు కలిపాడు. మీట మెల్లగా తిప్పుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. నా గాజు ఒకటి పగిలింది.

"ఎట్లున్నదత్తా?"

"చీమలు పాకుతున్నయి. పాకనీ."

బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకొని అత్తా నేనూ ఉన్నాం. రోజు విడిచి రోజు డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళం. మిగతా పొద్దంతా మడిచిన బొంత మీద కాలు పెట్టి ఆమెను పండబెట్టడం నా పని. పుండు నొప్పి కంటే ఆ పండుకోవడమే ఆమెకు కష్టమైంది. ఊరికే ఉండలేక పక్కింటోళ్ళ బియ్యం అడిగి తెప్పించుకొని రాళ్ళు ఏరేది.

వారాలు గడిచినా పుండు అట్లాగే ఉంది. నాకు లోపల భయం మొదలైంది. అప్పుడే నా భర్త ఊరి నుంచి వచ్చాడు.

"నారు ముదురుతున్నదవ్వా. గీ కరెంటుతోటి అయ్యేది లేదు. రేపు పోదాం."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. నాటు మాట ఎత్తితే ఆమె లేస్తుందని నాకూ అనిపించింది.

"ఈసారి నాటు నేను లేకుంటనే పడ్తది," అంది చివరికి. "కూలోళ్ళను పెట్టుకో. పుండు మూతవడేదాంక నేను రాను."

ఆ తర్వాత కొన్నాళ్ళకు కట్టు విప్పితే పుండు అంచున లేత గులాబి రంగు కనిపించింది. డాక్టరు అద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు. అంచులు రోజురోజుకూ దగ్గరికి వచ్చాయి. చివరికి ఉల్లిపొర వంటి చర్మం అంతటా కప్పుకుంది.

"కరెంటుతోటే తగ్గిందా సారూ?" అని నేను అడిగాను.

"కరెంటో, కట్టో, ఇన్ని రోజులు పండుకున్నందుకో, నాకూ తెలువదమ్మా," అన్నాడాయన.

"ఏదైతేంది! మూతవడ్డది," అంది మా అత్త. రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడడం అదే మొదలు.

ఊళ్ళో బస్సు దిగాక అత్త ఇంటికి పోలేదు, నేరుగా పొలానికి నడిచింది. బురదలో కాలు పెట్టొద్దని డాక్టరు చెప్పిన మాటకు కట్టుబడి గట్టు మీదనే నిలబడింది. వరి పొట్టకొచ్చి ఉంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"నాటు వంకర ఏసిండ్రు," అంది.