మేనత్త బ్లడ్ రిపోర్టు

మా మేనత్తను నేను ఇప్పటికీ క్షమించలేదు. చుట్టాల మధ్య నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను.

నాకు కొడుకు పుట్టినప్పుడు, పిల్లాడికి నీళ్లు పోయడానికి ఆవిడ మంగళగిరి నుంచి గవర్నర్‌పేటలోని మా పుట్టింటికి వచ్చింది. వస్తూ వస్తూ దగ్గు కూడా తెచ్చింది. ఊపిరి తీసుకోనివ్వకుండా తెరలు తెరలుగా వచ్చి, చివరికి వాంతి అయితే గాని ఆగని దగ్గు. కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లాణ్ణి పడుకోబెట్టి నీళ్లు పోసేది. తర్వాత ముక్కులో, చెవుల్లో తడి పోవాలని మొహం మీదికి వంగి ఉఫ్‌మని ఊదేది. మా వైపు అందరూ ఊదుతారు. కానీ అందరూ అలా దగ్గరు.

"అత్తా, ఊదకు" అన్నాను.

"నీకూ ఊదాను, మీ తమ్ముడికీ ఊదాను. ఏమైపోయారే? దుమ్ము పడక దగ్గు, అంతే. నీ చదువు నా దగ్గర చూపించకు."

నాకు ఒళ్లు మండింది. పరీక్ష చేయించుకునేదాకా పిల్లాణ్ణి ఇచ్చేది లేదని తెగేసి చెప్పాను. రెండు రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. ఆఖరికి నాన్నే ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కోరింత దగ్గేమోనని డాక్టరుకు అనుమానం. దగ్గు మొదలై రెండు వారాలు దాటింది కాబట్టి రక్తంలో యాంటీబాడీలు చూద్దామన్నాడు.

రిపోర్టు అత్త కొడుకు ఫోన్‌కి వచ్చింది. కరోనా రోజుల్లో తన యాంటీబాడీల రిపోర్టును బంధువులందరికీ పంపి మురిసిపోయిన మహానుభావుడు మా బావ. వెంటనే నాన్నకి ఫోన్ చేశాడు. "అమ్మకి యాంటీబాడీస్ ఫుల్‌గా ఉన్నాయి మామయ్యా! ఇంక ఆ కోరింత దగ్గు అమ్మ జోలికి రాదు."

మంచి రిపోర్టుకి మళ్లీ డాక్టరెందుకని ఎవరూ వెళ్లలేదు. బావ నా ఫోన్‌కి పంపితే నేనూ చూశాను. పైన పెద్ద అంకె చూసి, కింది వరుసలు చదవలేదు. అనవసరంగా నోరు పారేసుకున్నానని సిగ్గుపడి, మర్నాడు నా చేతులతోనే పిల్లాణ్ణి ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టాను.

"ఇప్పుడు తృప్తేనా?" అని, వంగి ఊదింది.

తొమ్మిదో రోజు పిల్లాడు దగ్గి దగ్గి ఏడవలేక నీలంగా అయిపోయాడు.

"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అమ్మా?" అని అడిగాడు పిల్లల డాక్టరు.

"మా అత్తకుందండీ. కానీ ఆవిడకి యాంటీబాడీలు బాగా ఉన్నాయి" అని ఫోన్ చూపించాను.

"ఈమధ్య టీకా వేయించుకున్నారా ఆవిడ?"

"లేదండీ."

"అయితే ఇది రక్షణ కాదమ్మా. ఆ జబ్బు ఆవిడకి ఇప్పుడే వచ్చిందని అర్థం. కింద రాశారు కూడా."

నిజంగానే రాశారు.

రెండు వారాలు ఐసీయూలో ఉన్నాక పిల్లాడు బతికి ఇంటికొచ్చాడు. మొదటిసారి నేనే కాళ్లు చాపి నీళ్లు పోశాను. వాడు జారిపోతున్నాడు. మాస్కు పెట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ అత్త, "తల కాస్త పైకెత్తవే, ముక్కులోకి పోతాయి" అంది.

తల పైకెత్తాను. ముక్కు గుడ్డతో తుడిచాను. తర్వాత అమ్మతో, "ఆ తలుపు వెయ్యి" అన్నాను.