షుగర్ అని చెప్పుకున్న జబ్బు

మా అమ్మాయి కెజియా తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం చర్చికి రానంది. క్వయర్‌లో ముందు వరసలో పాడే పిల్ల. తల దువ్వుకోలేదు, టిఫిన్ ముట్టలేదు. ఏమైందంటే గోడవైపు తిరిగి పడుకుంది.

నెల రోజులు అలాగే గడిచాయి. ఒకనాడు పెరట్లోకి వెళ్తే, దింపిన కొబ్బరికాయల గుట్ట పక్కన మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని పెంచింది నేను, ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడల్లా ఇల్లు లాక్కొచ్చింది నేను. నాకు ఒక్క ముక్క చెప్పదా?

మా ఆయనకి పెళ్లైన కొత్తలోనే బైపోలార్ డిజార్డర్ అని తేలింది, కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు పట్టలేని ఉద్రేకం. రోజూ లిథియం మాత్రలు వేసుకుంటారు. బయటికి తెలిస్తే రేపు పిల్లకి సంబంధాలు రావని నా భయం. అందుకే మామిడికుదురులో మా స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడల్లా "ఆయన షుగర్ కోసమండీ" అనేదాన్ని. పాపం, అందరూ ఏళ్ల తరబడి లేని షుగర్ కోసం మోకరించారు. చర్చి భోజనాల్లో ఆయనకి పాయసం కూడా వడ్డించేవారు కాదు.

అమలాపురంలో, మా ఆయన కేసు తెలియని ఒక సైకియాట్రీ డాక్టరుగారి దగ్గరికి పిల్లని నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. మా ఆయన వస్తానన్నా వద్దన్నాను. ఈసారైనా అది నాతోనే మాట్లాడాలని.

"ఫ్యామిలీ హిస్టరీ ఏమైనా ఉందామ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"వాళ్ల నాన్నగారికి షుగరండీ, అంతే" అన్నాను.

డిప్రెషన్ అని మందు రాశారు. మూడు వారాలకి పిల్ల లేచి తిరిగింది. నా చేతి మీదుగానే బాగుపడిందని పొంగిపోయాను. తర్వాత నిద్ర మానేసింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. ఒకరోజు చెప్పకుండా రాజోలు వెళ్లి, బస్టాండులో నిలబడి ప్రసంగం మొదలెట్టింది. మా ఆయన వెళ్లి తీసుకొచ్చారు. డాక్టరుగారి దగ్గర కూడా షుగరనే చెప్పానని అప్పుడు ఆయనతో ఒప్పుకున్నాను.

"ఇది నాకు తెలుసు. పద, డాక్టరుగారికి నిజం చెప్పేద్దాం" అన్నారు నాతో.

డాక్టరుగారు అంతా విన్నారు, కసరలేదు. "తండ్రికి బైపోలార్ ఉంటే, ఈ మందొక్కటే ఇస్తే ఇలా మేనియాలోకి వెళ్లొచ్చమ్మా. ముందే చెప్పుంటే వేరేగా మొదలెట్టేవాణ్ణి." తల ఎత్తలేకపోయాను. అడ్మిట్ చేసుకుని, ఆ మందు ఆపి మూడ్ స్టెబిలైజర్ ఇచ్చారు.

ఇప్పుడు కెజియా ఇంటర్ చదువుతోంది. మధ్యలో ఒకసారి మళ్లీ కుంగింది, కానీ తొందరగానే తేరుకుంది. తండ్రీకూతుళ్లు ఒకరికొకరు మాత్రలు గుర్తుచేసుకుని నవ్వుకుంటుంటే నాకు ఇప్పటికీ కుళ్లే.

"అన్నీ నాన్నకేనా చెప్తావు?" అని అడిగేశాను.

"నువ్వు భయపడిపోతావమ్మా. నాన్నకైతే అర్థమవుద్ది" అంది.

మీకు చెప్పేది ఒక్కటే. మీ పిల్ల మిమ్మల్ని కాదని ఇంకొకరి దగ్గర మనసు విప్పితే కుళ్లుకోండి, నేనూ కుళ్లుకుంటున్నాను. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మనిషిని ఇంట్లో వదిలి వెళ్లకండి.