శనగ చేను మీద మామయ్య పంచె

మొన్న పొద్దున కడుపు ఉబ్బరంగా ఉంటే, మందుల షాపులో దొరికే పొట్లం ఒకటి చించి గ్లాసు నీళ్లలో వేశాను. బుస్సుమని పొంగింది. పొడిలోని పులుపూ సోడా ఒకదాన్నొకటి తినేసి, చివరికి కాస్త ఉప్పగా ఉండే నీళ్లు మిగిలాయి. గుంటూరులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటర్ పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు అంటూ నేను చెప్పిన పాఠమే ఇది. రిటైరయ్యాక వినేవాళ్లు లేరు. ఈ ఫ్లాట్‌లో ఉండేది నేనొక్కదాన్నే గనుక, ఆ పాఠమేదో గ్లాసుకే చెప్పి తాగేశాను. ఉన్నట్టుండి మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తయ్యది పర్చూరు వైపు పల్లె. ఆ నల్లరేగడిలో చలికాలం శనగ వేస్తారు. శనగ ఆకుల మీద సన్నగా ఒక పులుపు ఊరుతుంది. చెప్పుల్లేకుండా చేలో తిరిగితే కాళ్లు చురచురమంటాయి. సాయంత్రం మొక్కల మీద పంచె పరిచి వస్తే, తెల్లారేసరికి మంచుతోపాటు ఆ పులుపంతా బట్టకు పడుతుంది. దాన్ని పిండి, ఆ నీళ్లు సీసాలో పోసుకుంటే అదే అజీర్తికి మందు. మా అత్తయ్య, మామయ్య చెరో కొసా పట్టుకుని పంచెను మెలితిప్పి పిండేవారు. పొద్దున్నే ఊళ్లోవాళ్లు చిన్న గ్లాసులు పట్టుకుని వాళ్ల అరుగు మీద చేరేవారు. కడుపునొప్పి లేనివాళ్లు కూడా కబుర్ల కోసం తెచ్చిపెట్టుకుని మరీ వచ్చేవారు. పిల్లల్లేని ఆ ఇంటికి ఆ సందడే సందడి. మామయ్య పోయాక అత్తయ్యకు మిగిలింది ఆ అరుగు మీది మనుషులే.

ఆయన పోయిన ఏడు చలికాలం, నేను సెలవు పెట్టి వెళ్లేసరికి అరుగు ఖాళీగా ఉంది. ఏమైందని అడిగితే అత్తయ్య నా మొహం చూడకుండా చెప్పింది. "పులుపు పడటం లేదమ్మాయ్. చప్పగా వస్తోంది. పక్కింటావిడ మొహం మీదే అనేసింది, మీ ఆయనతోపాటే పోయిందిలే అని. నిజమేనేమో. రేపట్నుంచి ఇంక పరవను." నాకు ఆ పక్కింటావిడ మీద ఒళ్లు మండింది. అత్తయ్యను చూస్తే ఏడుపొచ్చింది. అది కూడా మానేస్తే ఈవిడ పొద్దున లేచి ఎవరితో మాట్లాడుతుంది?

సీసాలో నీళ్లు నాలిక మీద వేసుకుంటే జారుడుగా, వెగటుగా ఉన్నాయి. అనుమానం వచ్చి వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, ఇంకా తడిగా ఉన్న పంచె అంచుకు రాశాను. ఎర్రగా మారింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎలా ఎర్రబడుతుందో ప్రతి ఇంట్లోనూ తెలిసిందే.

"పంచెలో బట్టలుతికే సోడా ఉందత్తయ్యా. రాత్రి పట్టిన పులుపును పట్టినట్టే అది తినేస్తోంది."

"సోడా వెయ్యకుండా ఎట్టాగే? ఆయన పంచె. చప్పగా వచ్చే కొద్దీ మురికి వదల్లేదేమోనని రోజూ ఇంకో గుప్పెడు ఎక్కువే వేస్తన్నా."

ఇక నేను ఊరుకుంటానా? ఆమ్లం, క్షారం, లవణం అని పాఠం మొదలుపెట్టాను. ఆవిడ మర్యాదకు కూడా వినలేదు. "సోడా వేస్తే వేశావు, బాగా జాడించి పిండితే పోయేది కదా" అని కాస్త విసుక్కున్నాను కూడా. అత్తయ్య పంచె వైపు చూస్తూ నిలబడింది.

"తడిసిన పంచె ఎంత బరువుంటుందో నీకేం తెలుసు? జాడించి పిండాలంటే అవతలి కొస పట్టుకోవాలి కదే, ఎవరో ఒకరు. అందుకే నీళ్లోడతా ఉండగానే తీగ మీద వేస్తన్నా."

నా పాఠం అక్కడితో ఆగిపోయింది. సోడా ఆ గుడ్డలో ఎందుకు మిగిలిపోయిందో ఏ సమీకరణంలోనూ రాసుకోలేం. పంచెను పంపు దగ్గరికి తీసుకెళ్లి, రాసిన పసుపు పసుపుగానే నిలిచేదాకా జాడించాం. ఆవిడ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మెలితిప్పాం. ఆ సాయంత్రం ఇద్దరం కలిసే చేలో పరిచాం. మర్నాడు పిండిన చుక్క నోట్లో వేసుకుంటే పళ్లు పులిసిపోయాయి. గ్లాసుతో మొదట వచ్చింది ఆ పక్కింటావిడే. తాగి, మొహం వికారంగా పెట్టి, ఇంకాస్త పొయ్యమంది. అత్తయ్య నవ్వుతూ ఏడ్చేసింది.

సెలవు అయిపోయి నేను వచ్చేశాను. కొన్నాళ్లకు ఫోన్ చేసి, పంచె ఎలా పిండుతున్నావని అడిగాను. "పశువుల కొట్టంలో గుంజకి కట్టి తిప్పతన్నాలే. బాగానే పిండుద్ది. మీ మామయ్యయితే నన్ను నవ్వించడానికి మధ్యలో కొస వదిలేసేవాడు. ఇది వదలదు" అంది. కాలం గడిస్తే అన్నీ అలవాటవుతాయంటారు. పని అలవాటవుతుంది నిజమే. అవతలి కొసన మనిషి లేకపోవడం మాత్రం ఏటికేడు కొత్తగానే ఉంటుంది.